డెబ్బై దాటాక రొమ్ము క్యాన్సర్: రేడియేషన్ ఎంత, ఎలా, అసలు కావాలా?

డెబ్బై రెండేళ్ల ఆవిడకు రొమ్ములో ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ అనుకుందాం. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డను, దాని చుట్టూ కొంత కణజాలాన్ని మాత్రమే తీసేశారు. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవు. చంకలోని లింఫ్ గ్రంథులకు పాకలేదు. ఇంతవరకు అంతా మంచి కబురే. చిక్కంతా ఆ తర్వాతే. ఒక డాక్టరు మూడు వారాల రేడియేషన్ అంటారు. ఇంకొకరు వారం చాలంటారు. ఈ వయసులో రేడియేషన్ అక్కర్లేదు, అయిదేళ్లు మాత్రలు వేసుకుంటే సరిపోతుందని మరొకరు చెబుతారు. వింటున్న ఇంట్లోవాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి. వీళ్లలో ఎవరికో సరిగ్గా తెలియదేమో! లేకపోతే పెద్దావిడ కదా అని వైద్యంలో కోత పెడుతున్నారేమో!

చాలాసార్లు ఆ ముగ్గురూ తప్పు చెప్పి ఉండరు. ఈ మూడు దారుల వెనకా పెద్ద పరిశోధనలే ఉన్నాయి. వాటిలో తేడా ఆవిడ ఎంతకాలం బతుకుతుందన్న దాంట్లో దాదాపు కనిపించదు. అదే రొమ్ములో మళ్లీ గడ్డ వచ్చే అవకాశం ఎంత, దాన్ని తగ్గించుకోవడానికి ఎంత శ్రమ పడాలి, ఏ రకం ఇబ్బందులు భరించాలి అన్న దగ్గరే కనిపిస్తుంది. ఈ సంగతి మొదటే అర్థమైతే మిగతా చర్చంతా తేలికవుతుంది. రేడియేషన్ వద్దనుకోవడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమేనని భయపడి ఒప్పుకునేవాళ్లున్నారు. రేడియేషన్ అంటే ఒళ్లు కాలిపోతుందని భయపడి పారిపోయేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి భయమూ పాత సమాచారం మీద నిలబడిందే.

అసలు రేడియేషన్ ఎందుకు పెట్టారు

ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ అంటే రొమ్ము తీసేయడమే. గడ్డ వరకే తీస్తే చాలదా అన్న ప్రశ్నను అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరోనెసి బృందాలు 1970లలో పరీక్షకు పెట్టాయి. రొమ్మును కాపాడినా, తీసేసినా ఆయుష్షులో తేడా లేదని తేలింది. అయితే ఫిషర్ బృందం 20 ఏళ్ల తర్వాత లెక్క చూస్తే, గడ్డ మాత్రమే తీసి ఊరుకున్నవాళ్లలో 39 శాతం మందికి అదే రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టింది. రేడియేషన్ కూడా తీసుకున్నవాళ్లలో అది 14 శాతం. కంటికి కనిపించిన గడ్డ పోయినా చుట్టుపక్కల కనిపించని కణాలు మిగిలి ఉంటాయి, కిరణాలు వాటిని చంపుతాయి. అప్పటినుంచి రొమ్మును కాపాడే ఆపరేషన్ అంటే వెంట రేడియేషన్ ఉండి తీరాలన్నది వైద్యంలో స్థిరపడిపోయింది.

2011లో 17 పరిశోధనల్లోని 10,801 మంది స్త్రీల వివరాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. పదేళ్లలో క్యాన్సర్ తిరిగి రావడం, రొమ్ములోనైనా మరెక్కడైనా సరే, రేడియేషన్ వల్ల 35 శాతం నుంచి 19 శాతానికి తగ్గింది. పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు కూడా 25 నుంచి 21 శాతానికి తగ్గాయి. అంటే రేడియేషన్ ప్రాణాలు కాపాడిన మాట నిజం. ఆ విశ్లేషణే ఇంకో సంగతి కూడా చెప్పింది: పదేళ్లలో నాలుగు తిరగబెట్టడాలను ఆపితే పదిహేనేళ్లలో సుమారు ఒక మరణం ఆగుతుంది. దీన్ని బట్టి, తిరగబెట్టే అవకాశమే మొదటినుంచి చాలా తక్కువగా ఉన్న స్త్రీకి రేడియేషన్ వల్ల ప్రాణరక్షణ రూపంలో కలిసొచ్చేది కూడా తక్కువే అవుతుంది.

వయసు ముదిరాక వచ్చే రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్ హార్మోన్ మీద ఆధారపడి నెమ్మదిగా పెరిగే రకం. రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్’ అని రాసి ఉంటుంది. ఈ రకానికి ఆ హార్మోన్‌ను అడ్డుకునే టమాక్సిఫెన్ లాంటి మాత్రలు గట్టిగా పనిచేస్తాయి. పాత పరిశోధనల్లో చాలామందికి ఈ మాత్రలు అందలేదు. అందుకే ప్రశ్న మళ్లీ అడగాల్సి వచ్చింది: చిన్న గడ్డ, మంచి రకం, మాత్ర కూడా వేసుకుంటోంది, వయసు డెబ్బై. ఇలాంటప్పుడు కూడా రేడియేషన్ తప్పదా?

రేడియేషన్ మానేసి చూసినప్పుడు

ఈ ప్రశ్నకు రెండు పరిశోధనలు మూలస్తంభాలు. మొదటిది అమెరికాలో 1994–99 మధ్య మొదలైన సీఏఎల్‌జీబీ 9343. 70 ఏళ్లు, అంతకు పైబడిన 636 మంది. అందరికీ చిన్న గడ్డ, ఈఆర్ పాజిటివ్, చంకలో ఉబ్బిన గ్రంథులేవీ చేతికి తగలడం లేదు. అందరికీ గడ్డ తీసి టమాక్సిఫెన్ ఇచ్చారు. సగం మందికే రేడియేషన్ ఇచ్చారు. పదేళ్ల తర్వాత చూస్తే రొమ్ములోనో చంకలోనో తిరగబెట్టింది రేడియేషన్ తీసుకున్న నూరు మందిలో ఇద్దరికి, తీసుకోని నూరు మందిలో పదిమందికి. బతికి ఉన్నవాళ్లు ఒక పక్క 67 శాతం, మరో పక్క 66 శాతం. నన్ను అన్నిటికంటే ఆలోచనలో పడేసింది ఇంకో అంకె. మొత్తం 334 మంది చనిపోతే, రొమ్ము క్యాన్సర్‌తో పోయినవాళ్లు 21 మందే. మిగతావాళ్లను తీసుకెళ్లింది వేరే కారణాలు. ఆ వయసులో మన దృష్టంతా ఒక్క జబ్బు మీదే పెట్టడం ఎంత పొరపాటో ఈ అంకె చెబుతుంది. బీపీ, షుగరు, గుండె, పడిపోవడాలు, ఎముకలు విరగడాలు, వీటి సంగతి చూసుకోవడం కూడా ఆవిడ ఆయుష్షుకు సంబంధించిన వైద్యమే.

రెండోది బ్రిటన్ కేంద్రంగా జరిగిన ప్రైమ్ 2. ఇందులో 65 ఏళ్లు, ఆపైబడిన 1,326 మంది ఉన్నారు. గడ్డ 3 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చు. గ్రంథులకు పాకి ఉండకూడదు, అంచులు శుభ్రంగా ఉండాలి, హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు (వీటినే హార్మోన్ మాత్రలు అంటారు) తప్పనిసరి. 2023లో వెలువడిన పదేళ్ల ఫలితాల్లో అదే రొమ్ములో తిరగబెట్టింది రేడియేషన్ లేనివాళ్లలో 9.5 శాతం, ఉన్నవాళ్లలో 0.9 శాతం. బతికి ఉన్నవాళ్లు 80.8 శాతం, 80.7 శాతం. దూరంలోని అవయవాలకు క్యాన్సర్ పాకడం రేడియేషన్ లేనివాళ్లలో ఏమీ ఎక్కువ కాలేదు.

ఈ అంకెలను ఎవరు ఎలా చెబితే అలా వినిపిస్తాయి. ‘రేడియేషన్ తీసుకుంటే తిరగబెట్టే ప్రమాదం పది వంతుల్లో తొమ్మిది వంతులు తగ్గిపోతుంది’ అంటే తీసుకోకపోవడం మూర్ఖత్వంలా ఉంటుంది. ‘తీసుకోకపోయినా నూరు మందిలో తొంభై మందికి పదేళ్లపాటు ఏమీ రాదు’ అంటే తీసుకోవడమే అనవసరంలా ఉంటుంది. రెండు మాటలూ నిజమే, రెండూ ఒకే పరిశోధనలోవే. రోగికి ఒక మాటే చెప్పి రెండోది దాచిన డాక్టరు, తన అభిప్రాయాన్ని ఆమె అభిప్రాయంగా మార్చేసినట్టే. నూరు మందిలో దాదాపు తొమ్మిది మందికి మేలు, మిగిలినవాళ్లకు చేసినా చేయకపోయినా ఒకటే. ఆ తొమ్మిది మందిలో తను ఉంటుందో లేదో ముందుగా ఎవరూ చెప్పలేరు. కూర్చోబెట్టి చెప్పాల్సింది ఇలా.

‘ఆయుష్షులో తేడా లేదు కదా’ అని అక్కడితో వదిలేయడం కూడా నాకు నచ్చదు. తిరగబెట్టడం అంటే మాటలు కాదు. మళ్లీ బయాప్సీ, మళ్లీ మత్తు, మళ్లీ ఆపరేషన్. కొందరికి ఈసారి రొమ్మే తీసేయాల్సి వస్తుంది. అదీ ఇప్పటికంటే అయిదారేళ్లు పెద్దదై, ఒంట్లో సత్తువ తగ్గాక. అరవై ఎనిమిదేళ్ల వయసులో రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషికి ఇంకో ఇరవై ఏళ్ల జీవితం ఉండవచ్చు, పదేళ్ల తర్వాత కూడా ఆ ప్రమాదం పేరుకుంటూనే ఉంటుంది. ఎనభై నాలుగేళ్లు, గుండె బలహీనం, ఇల్లు కదలలేని మనిషికి ఆ లెక్క వేరు. పుట్టిన తేదీ చూసి ఇద్దరినీ ‘అరవై అయిదు దాటినవాళ్లు’ అని ఒకే గాటన కట్టడం అన్యాయం. వృద్ధుల వైద్యంలో అనుభవమున్నచోట నడక, జ్ఞాపకశక్తి, పోషణ, ఇతర జబ్బులు, సొంత పనులు చేసుకోగలగడం అన్నీ చూసి శరీరం అసలు వయసు అంచనా కడతారు. ఆ అంచనా లేకుండా తీసుకున్న నిర్ణయం సగం నిర్ణయమే.

ఎవరికి మానేయవచ్చు అన్న హద్దులు కూడా గట్టిగానే ఉన్నాయి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 65 ఏళ్లు దాటి, గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండి, గ్రంథులకు పాకక, ఈఆర్ పాజిటివ్, హెర్2 (కణాలను వేగంగా పెంచే ఒక ప్రోటీన్) నెగెటివ్, గ్రేడ్ (కణాల తీరు ఎంత చెడిందో చెప్పే అంకె, 3 అన్నిటికంటే ఉద్ధృతం) 1 లేదా 2 అయి, కనీసం అయిదేళ్లు హార్మోన్ మాత్రలు వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ల విషయంలోనే రేడియేషన్ మానేయడాన్ని ఆలోచించవచ్చు. ట్రిపుల్ నెగెటివ్ (రెండు హార్మోన్ల గుణమూ, హెర్2 కూడా లేనిది), హెర్2 పాజిటివ్, గ్రంథులకు పాకినది, అంచుల్లో క్యాన్సర్ మిగిలినది, వీటికి పైన చెప్పిన రెండు పరిశోధనలూ వర్తించవు. ఈఆర్ పాజిటివ్ అని ఉన్నా ఎంత పాజిటివ్ అన్నది చూడాలి. ప్రైమ్ 2లో ఆ గుణం బలహీనంగా ఉన్న స్త్రీలలో, రేడియేషన్ లేనప్పుడు, తిరగబెట్టడం మిగతావాళ్ల కంటే రెట్టింపుకు మించి ఉంది. కాబట్టి రిపోర్టులో ‘పాజిటివ్’ అన్న ఒక్క ముక్క చదివి తృప్తి పడకూడదు, పక్కనున్న శాతమూ చదవాలి.

వయసుతో పాటు గడ్డ స్వభావాన్ని కూడా కొలిచి ఎంచుకోవచ్చని కెనడాలో జరిగిన లూమినా పరిశోధన చూపింది. 55 ఏళ్లు దాటినవాళ్లలో, కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ67 తక్కువగా ఉన్న 500 మందిని మాత్రమే తీసుకుని, రేడియేషన్ లేకుండా మాత్రలతో సరిపెట్టారు. అయిదేళ్లలో తిరగబెట్టింది 2.3 శాతమే. ఇది ఆశ పుట్టించే అంకె. అయితే ఈ రకం క్యాన్సర్ అయిదేళ్ల తర్వాత కూడా తీరిగ్గా తిరిగొస్తుంది కాబట్టి, పదేళ్ల అంకెతో దీన్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

మాత్ర సంగతి

రేడియేషన్ మానేసిన పరిశోధనలన్నిటికీ ఆధారం మాత్ర. అందరూ ఇక్కడే తొందరపడి దాటేస్తారు. ‘రేడియేషన్ లేదు, మాత్రే’ అన్నప్పుడు అది తేలిక దారిలా వినిపిస్తుంది. అయిదేళ్లంటే పద్దెనిమిది వందల పైచిలుకు రోజులు. టమాక్సిఫెన్ వల్ల ఒంట్లోంచి వేడి ఆవిర్లు, కొద్దిమందిలో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, అరుదుగా గర్భాశయ క్యాన్సర్. ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గించే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటివాటి వల్ల కీళ్ల నొప్పులు, ఎముకలు గుల్లబారడం. ఇప్పటికే మోకాళ్లు పట్టేసి, ఎముకల బలం తగ్గిన మనిషికి ఇవి చిన్న ఇబ్బందులు కావు. మధ్యలో మాత్ర మానేసేవాళ్లు ఏ దేశంలో చూసినా గణనీయంగానే ఉంటారు. డాక్టరుకు చెప్పకుండా మానేసేవాళ్లు మరీ ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు. రేడియేషనూ లేదు, మాత్రా లేదు. ఆ పరిస్థితికి పై పరిశోధనల భరోసా ఏదీ వర్తించదు.

అందుకే కొంతకాలంగా పరిశోధకులు ప్రశ్నను తిరగేసి అడుగుతున్నారు. రెండింటిలో ఒకటి వదిలేయాలంటే, వదలాల్సింది రేడియేషనే అని ఎందుకు అనుకోవాలి? యూరోపా అనే పరిశోధనలో 70 ఏళ్లు, ఆపైబడిన స్త్రీలలో కొందరికి రేడియేషన్ మాత్రమే, కొందరికి హార్మోన్ మాత్రలు మాత్రమే ఇచ్చారు. మధ్యంతర ఫలితాల్లో, రెండేళ్లు గడిచేసరికి మొత్తం మీద ఆరోగ్యం, జీవన నాణ్యత ఎలా ఉన్నాయని అడిగితే, మాత్రలు వేసుకున్నవాళ్ల స్కోరు సగటున పది పాయింట్లు పడిపోయింది. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో తగ్గుదల ఒక పాయింటు దరిదాపుల్లోనే ఉంది. క్యాన్సర్ అదుపు విషయంలో తీర్పు చెప్పేంత కాలం ఇంకా గడవలేదు కాబట్టి, దీన్ని చూసి ఎవరూ తమంతట తాము మాత్రలు మానేయకూడదు. పైగా మాత్ర చేసే పనిలో కొంత రేడియేషన్ చేయలేదు. మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది, రెండో రొమ్మును కూడా కాపాడుతుంది. కిరణాలు పడ్డచోటే పనిచేస్తాయి. కానీ ‘పెద్దవాళ్లకు తేలికైనది మాత్రే’ అన్న నమ్మకాన్ని ఈ ఫలితం బాగా కదిపింది.

నా అభిప్రాయం అడిగితే, మాత్రలు పడవని ముందే తెలిసిన స్త్రీకి, లేదా మొదటి కొన్ని నెలల్లోనే వాటితో నరకం చూసిన స్త్రీకి, రేడియేషన్ మానేయమని సలహా ఇవ్వడం సబబు కాదు. రెండు నిర్ణయాలనూ ఒకే రోజున, ఒకే బల్ల దగ్గర తీసుకోవాలి. రేడియేషన్ డాక్టరు ఒకచోట, మాత్రలు రాసే డాక్టరు మరోచోట విడివిడిగా చెప్పేసరికి ఈ ముడి ఎవరి చేతికీ చిక్కకుండా పోతుంది.

అయిదు వారాల నుంచి అయిదు రోజులకు

రేడియేషన్ మానేస్తే ఏమిటి అన్న ఆలోచన పుట్టిన రోజుల్లో దాన్ని తీసుకోవడమంటే వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు నుంచి ఆరున్నర వారాలు ఆసుపత్రికి తిరగడం. రోజూ ఒకరు వెంట రావాలి. సిట్టింగు కొన్ని నిమిషాలే, ప్రయాణమే రోజంతా తినేస్తుంది. ఆ శ్రమతో పోలిస్తే నూరులో తొమ్మిది మందికి మేలు చిన్నదిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు ఆ శ్రమ చాలా తగ్గింది. మానేసే చర్చలో మాత్రం చాలామంది ఇంకా పాత శ్రమనే మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు.

కిరణాల మోతాదును గ్రేలలో కొలుస్తారు. పాత పద్ధతి 50 గ్రేలు, 25 సిట్టింగులు. రోజుకు కొంచెం కొంచెంగా ఇస్తే మంచి కణజాలం కోలుకుంటుంది, క్యాన్సర్ కణాలు కోలుకోలేవు అన్నది దాని వెనకున్న ఆలోచన. చాలా క్యాన్సర్లలో అది నిజం. రొమ్ము క్యాన్సర్ కణాలు మాత్రం ఒక్కోసారి ఇచ్చే మోతాదు పెంచితే, చుట్టూ ఉన్న మంచి కణజాలం ఎంత దెబ్బతింటుందో దాదాపు అంతే దెబ్బతింటాయని క్రమంగా తేలింది. అలాంటప్పుడు మొత్తం మోతాదు తగ్గించి, సిట్టింగుకు కాస్త ఎక్కువ చొప్పున తక్కువ రోజుల్లో ముగించినా ఫలితం చెడకూడదు. కెనడా పరిశోధకులు 16 సిట్టింగుల్లో 42.5 గ్రేలు ఇచ్చి చూశారు. పదేళ్లకు తిరగబెట్టింది 6.2 శాతం, పాత పద్ధతిలో 6.7 శాతం. బ్రిటన్‌లో 15 సిట్టింగుల్లో 40 గ్రేలు ఇచ్చినా అంతే బాగా పనిచేసింది, పక్క ఇబ్బందులు ఇంకా తగ్గాయి. అలా మూడు వారాల పద్ధతి వ్యాపించింది.

తర్వాత వచ్చింది ఫాస్ట్ ఫార్వర్డ్. 4,096 మందితో బ్రిటన్‌లో జరిగిన ఈ పరిశోధన 2020లో వెలువడింది. ఒకే వారంలో అయిదు సిట్టింగులు, మొత్తం 26 గ్రేలు. అయిదేళ్లలో తిరగబెట్టింది 1.4 శాతం, మూడు వారాల పద్ధతిలో 2.1 శాతం. మంచి కణజాలానికి జరిగిన నష్టమూ దాదాపు సమానమే. ఇదే పరిశోధనలో 27 గ్రేలు తీసుకున్నవాళ్లకు మాత్రం దీర్ఘకాలిక మార్పులు ఎక్కువయ్యాయి. ఒక్క గ్రే తేడా! సిట్టింగుల సంఖ్య తగ్గిందంటే వైద్యం తేలికైపోయిందని కాదు, లెక్క మరింత కచ్చితంగా ఉండాలని అర్థం. కోవిడ్ రోజుల్లో రోగులను ఆసుపత్రికి వీలైనంత తక్కువసార్లు రప్పించాల్సి రావడంతో ఈ పద్ధతి చాలాచోట్ల త్వరగా అమల్లోకి వచ్చింది.

రోజూ రాలేని పెద్దవాళ్లకు ఇంకో ఏర్పాటు ఉంది. వారానికి ఒక్క సిట్టింగు చొప్పున అయిదు వారాలు, సిట్టింగుకు 5.7 గ్రేలు. ఫాస్ట్ అనే పరిశోధన పదేళ్ల ఫలితాల ప్రకారం మంచి కణజాలం మీద దీని ప్రభావం పాత 25 సిట్టింగుల పద్ధతికి దగ్గరగానే ఉంది. మరీ బలహీనంగా ఉండి, వెంట వచ్చే మనిషి వారానికోసారి మాత్రమే దొరికే వాళ్లకు ఇది ఉపయోగం.

రొమ్ములో కొంత భాగానికే

ఎక్కువమందికి మళ్లీ గడ్డ వచ్చేది మొదటి గడ్డ ఉన్నచోటో, దాని పక్కనో. అలాంటప్పుడు రొమ్మంతటికీ కిరణాలు ఎందుకన్న ప్రశ్నలోంచి పాక్షిక రేడియేషన్ వచ్చింది. బ్రిటన్‌లోని ఇంపోర్ట్ లో పరిశోధనలో 50 ఏళ్లు దాటిన రెండు వేల మందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. అయిదేళ్లలో తిరగబెట్టింది రొమ్మంతటికీ రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 1.1 శాతం, కొంత భాగానికే తీసుకున్నవాళ్లలో 0.5 శాతం. రొమ్ము ఆకృతి మారడం, గట్టిపడడం కూడా రెండో గుంపులో తక్కువ. ఇటలీలోని ఫ్లోరెన్స్ బృందం రోజు విడిచి రోజు అయిదు సిట్టింగుల్లో 30 గ్రేలు గడ్డ ఉన్న చోటుకే ఇచ్చింది. పదేళ్లకు తిరగబెట్టింది 3.7 శాతం, రొమ్మంతటికీ ఇచ్చినవాళ్లలో 2.5 శాతం. ఇద్దరి మధ్య తేడా యాదృచ్ఛికం అనుకోగలిగినంత చిన్నది. చర్మం ఎర్రబడడం, తర్వాతి రోజుల్లో రూపు మారడం మాత్రం పాక్షిక పద్ధతిలో స్పష్టంగా తగ్గాయి. చిన్న గడ్డ ఉన్న పెద్ద వయసు స్త్రీకి రేడియేషన్ ఇవ్వాలనే అనుకుంటే, నా దృష్టిలో ముందుగా అడగాల్సింది ఇదే.

పాక్షికం అన్న పేరున్నవన్నీ ఒకటి కావు. కెనడా నేతృత్వంలో జరిగిన ర్యాపిడ్ పరిశోధనలో రోజుకు రెండుసార్లు చొప్పున పది సిట్టింగులిచ్చారు. క్యాన్సర్ అదుపులోనే ఉంది కానీ రొమ్ము ఆకృతి మరింత చెడింది. రెండు మోతాదుల మధ్య కొన్ని గంటల ఎడం మంచి కణజాలం కోలుకోవడానికి చాల్లేదని వివరణ. ఆపరేషన్ బల్ల మీదే, గడ్డ తీసిన వెంటనే ఒకే మోతాదు ఇచ్చే పద్ధతి వినడానికి అన్నిటికంటే ఆకర్షణీయం. నిద్రలేచేసరికి రెండూ అయిపోయి ఉంటాయి. మిలాన్‌లో జరిగిన ఎలియట్ పరిశోధనలో పదిహేనేళ్లకు ఈ పద్ధతిలో తిరగబెట్టింది 12.6 శాతం, మామూలు పద్ధతిలో 2.4 శాతం. ఆయుష్షులో ఇక్కడా తేడా లేదు. వేరే యంత్రంతో చేసిన టార్గిట్ ఏ పరిశోధనలో అయిదేళ్ల తేడా చాలా చిన్నదే, 2.1, 0.95 శాతాలు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఆపరేషన్ జరిగేటప్పటికి పూర్తి పాథాలజీ రిపోర్టు చేతిలో ఉండదు. తర్వాత వచ్చిన రిపోర్టులో గ్రంథులకు పాకిందనో, అంచులు శుభ్రంగా లేవనో తేలితే మామూలు రేడియేషన్ కూడా తీసుకోవాల్సి వస్తుంది. అయిదు రోజుల పద్ధతి అందుబాటులో ఉన్నచోట ఈ ఒక్కరోజు పద్ధతి కోసం పట్టుపట్టడంలో పెద్ద లాభం నాకు కనిపించదు.

గడ్డ ఉన్న చోట అదనంగా ఇచ్చే మోతాదును బూస్ట్ అంటారు. చిన్న వయసు వాళ్లకు దానివల్ల చాలా మేలు, అరవై దాటాక ఆ మేలు తగ్గుతూ వస్తుంది. ఇరవై ఏళ్ల పాటు సాగిన యూరప్ పరిశోధనలో బూస్ట్ తీసుకున్నవాళ్లలో రొమ్ము బాగా గట్టిపడిపోవడం 5.2 శాతం, తీసుకోనివాళ్లలో 1.8 శాతం. అందువల్ల డెబ్బై దాటిన స్త్రీకి బూస్ట్ రాసి ఉంటే ఎందుకని అడగడంలో తప్పులేదు. గ్రేడ్ 3 లాంటి గట్టి కారణం ఉంటే డాక్టరే చెబుతారు.

ఒంటికి జరిగేది

రేడియేషన్ ఇచ్చే సమయంలో నొప్పి ఉండదు. జుట్టు ఊడదు, ఊడేది కీమోథెరపీతో. ఇంటికొచ్చాక పిల్లల్ని ఎత్తుకోవచ్చు, ఒంట్లోంచి కిరణాలేమీ బయటికి రావు. సిట్టింగుల చివర్లో, ఆ తర్వాత ఒకటి రెండు వారాల్లో చర్మం ఎర్రబడుతుంది, కొందరికి పొలుసులూడుతుంది. అలసట కొన్ని వారాలు ఉంటుంది, పెద్దవాళ్లు దాన్ని వయసు మీదకు నెట్టేసి చెప్పరు. నెలలు, ఏళ్లు గడిచాక రొమ్ము కాస్త కుంచించుకుపోవడం, గట్టిపడడం, చర్మం మీద సన్నని ఎర్రటి గీతలు కనిపించడం జరగవచ్చు. ఊపిరితిత్తిలో వాపు, పక్కటెముక విరగడం అరుదు.

గుండె సంగతి వేరుగా చెప్పాలి. స్వీడన్, డెన్మార్క్ దేశాల స్త్రీల మీద జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. గుండెకు సగటున చేరే ప్రతి ఒక్క గ్రేకు గుండెపోటు లాంటి పెద్ద సమస్యల ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగింది. అది అయిదేళ్ల లోపే మొదలై దశాబ్దాలపాటు కొనసాగింది. గుండెజబ్బు ముందే ఉన్నవాళ్లకు మొదటినుంచే ముప్పు ఎక్కువ కాబట్టి, అదే శాతం పెరిగినా సమస్య వచ్చేవాళ్ల సంఖ్య ఎక్కువ. అందులోని స్త్రీలు 1958–2001 మధ్య వైద్యం పొందినవాళ్లు, అప్పటి యంత్రాలు వేరు. ఇప్పుడు ఎడమ రొమ్ముకు ఇచ్చేటప్పుడు గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమంటారు. ఛాతీ ఉబ్బి గుండె కిరణాల దారిలోంచి పక్కకు జరుగుతుంది. ఊపిరి బిగబట్టలేనివాళ్లకు, రొమ్ము పెద్దగా ఉన్నవాళ్లకు బోర్లా పడుకోబెట్టి ఇచ్చే వీలుంది. పాక్షిక రేడియేషన్‌తో గుండెకు చేరేది ఇంకా తగ్గుతుంది. ఎడమవైపు గడ్డ, ముందే స్టెంట్ వేయించుకున్న మనిషి అయితే ‘గుండెకు ఎంత మోతాదు చేరుతుంది, తగ్గించడానికి ఏం చేస్తున్నారు’ అన్న ప్రశ్న అడగకుండా సంతకం పెట్టకూడదు. మంచి డాక్టరు దగ్గర ఆ అంకె సిద్ధంగా ఉంటుంది.

ఇంత దూరం వచ్చాక నా తూకం ఎటుందో చెప్పాలి. ఆరోగ్యంగా ఉండి పదేళ్లకు మించి బతికే అవకాశం బాగా ఉన్న స్త్రీకి, అయిదు సిట్టింగుల పాక్షిక రేడియేషన్ దొరికే చోట, తీసుకోవడమే మేలని నాకనిపిస్తుంది. శ్రమ వారం, రక్షణ ఏళ్ల తరబడి. మాత్ర పడకపోతే చేతిలో ఒక రక్షణైనా మిగులుతుంది. ఇతర జబ్బులతో బలహీనపడిన స్త్రీకి, మాత్ర ఇబ్బంది లేకుండా పడుతుంటే, రేడియేషన్ మానేయడం నిర్లక్ష్యం కాదు, ఆలోచించి చేసిన వైద్యమే. మధ్యలో ఉన్నవాళ్ల విషయంలో ఆవిడ స్వభావమే తేల్చాలి. మళ్లీ వస్తుందేమోనన్న దిగులుతో రాత్రుళ్లు నిద్రపోని మనిషికి ఆ తొమ్మిది శాతం చాలా పెద్దది. ఆసుపత్రి గుమ్మం తొక్కాలంటేనే ప్రాణం విసిగిపోయే మనిషికి అది చిన్నది. పిల్లలు ప్రేమ కొద్దీ ‘అన్నీ చేయించేద్దాం’ అనడం సహజం. కానీ ఆ గదిలో డాక్టరు ముఖం తిప్పి మాట్లాడాల్సింది పిల్లలతో కాదు, ఆవిడతో. చెవులు సరిగ్గా వినపడకపోతే గట్టిగా, రెండుసార్లు చెప్పాలి.

తొందరపడి ఆ రోజే తేల్చేయాల్సిన పని కూడా లేదు. ఆపరేషన్ గాయం మానడానికి ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది, ఆ లోపు పూర్తి రిపోర్టు పట్టుకుని ఇంకో అభిప్రాయం తీసుకోవచ్చు. గడ్డ కొలత, గ్రేడ్, ఈఆర్ శాతం, హెర్2, కేఐ67, అంచులు, గ్రంథులు, ఇవన్నీ ఉన్న కాగితం వెంట ఉండాలి. రేడియేషన్ మానేయాలని నిర్ణయించుకుంటే ఏడాదికోసారి మామోగ్రామ్ తప్పకూడదు. తిరిగొచ్చినా చిన్నగా ఉన్నప్పుడే దొరకడం మీదే ఆ నిర్ణయం ఆధారపడి ఉంది. ఇక మొదటి ఏడాదిలో మాత్ర పడక మానేయాల్సి వస్తే, ఆ సంగతి మాత్రలు రాసిన డాక్టరుకే కాక రేడియేషన్ డాక్టరుకు కూడా వెంటనే చెప్పాలి. ముందు మాత్ర మార్చి చూస్తారు. ఏ మాత్రా పడకపోతే, ఆపరేషన్ అయి ఎన్నాళ్లయిందో చూసుకుని, పక్కన పెట్టిన రేడియేషన్ మాట మళ్లీ ఎత్తాలి.